గడ్డి సంగతే మాట్లాడుకుందాం

పచ్చి వాసన.

వాన పడకపోయినా పడ్డట్టుండే వాసన. పాలపాకెట్టు కోసం తలుపు తీయగానే ముందు అదే ఎదురొస్తుంది... వెలుతురు ఆ తర్వాత.

మెట్టు దిగితే పాదాలు తడుస్తాయి. చీర కుచ్చిళ్ళు తడుస్తాయి. కుచ్చిళ్ళకు ముళ్ళగింజలు అంటుకుంటాయి. లోపలికొచ్చి, పాలు కాగేలోగా, వాటిని పీకుతూ కూచుంటాను.

దీన్ని లాన్ అంటారు.

అంటే — మొదట్లో అన్నారు.

ఇప్పుడు వీధిలో ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు పెట్టుకున్నారు. పక్కింటి పరంధామయ్య మామ అడివి అంటాడు. ఆయన భార్య పంకజాక్షి అత్త బీడు అంటుంది. గ్యాసు బండ తెచ్చే మనిషి ఏమీ అనడు. గేటు దగ్గరే నిలబడి, "లోపల ఏమీ లేవు గదమ్మా?" అని అడుగుతాడు.

నేను మాత్రం లాన్ అనే అంటాను. పెట్టిన పేరు మార్చడం బాగుండదు.

తెచ్చింది మా ఆయన, మునికుమార్.

శ్రీ సిటీలో ఉద్యోగం. చీకటితోనే కంపెనీ బస్సు. ఆ కంపెనీ ముందు పచ్చిక దుప్పటి పరిచినట్టు ఉండేదట. రోజూ దాని పక్కనుంచే లోపలికి వెళ్ళాలి. దాని పక్కనుంచే బయటికి రావాలి. చూసి చూసి, అలాంటిది మనకూ ఒకటుండాలనుకున్నాడు.

నేను కరివేపాకు అన్నాను. రెండు మిరప మొక్కలన్నాను.

ఆయన గడ్డి అన్నాడు.

మా రేణిగుంట రోడ్డు కాలనీలో, ట్యాంకరు వెనక బిందెలు పట్టుకుని పరుగెత్తే వీధిలో — గడ్డి. నర్సరీ నుంచి చాపల్లా చుట్టి ఆటోలో తెచ్చాడు. పెళ్ళికి పరిచినట్టు పరిచాడు. పని నుంచి వచ్చి, చొక్కా కూడా మార్చకుండా, నీళ్ళ పైపు పట్టుకుని నిలబడేవాడు. ఆ చప్పుడు వింటూ నేను వంట చేసేదాన్ని. నీళ్ళ చప్పుడులో ఒక మనిషి సంతోషం వినిపిస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు.

ఎండాకాలంలో ఆయన పనిచేసే లైను ఎత్తేశారు. మిషన్లు ఇంకో ఊరికి వెళ్ళాయి. మనుషులు ఇళ్ళకు వచ్చారు.

బస్సు ఇప్పటికీ మలుపులో ఆగుతుంది. హారన్ ఇప్పటికీ మోగుతుంది. ఆయన మంచం మీద గోడవైపు తిరుగుతాడు. నిద్రపోడు. ఊరికే తిరుగుతాడు.

అప్పట్నుంచి ముందు తలుపు దాటలేదు. అంగడికి పోవాలన్నా పెరటి దారే. కొన్నాళ్ళకు అంగడి కూడా మానేశాడు. కిటికీ మూసి, దాని పక్కన కుర్చీ వేసుకుని... అంతే.

తెచ్చిన గడ్డి ఎండిపోయింది. దాని కిందినుంచి మన ఊరి గడ్డి లేచింది. గరిక. తుంగ. పల్లేరు. నేల ఉసిరి. కాలేజీలో బోటనీ చదివినదాన్ని. అన్నింటి పేర్లూ తెలుసు. పిలవలేదన్న సంగతి వాటికీ తెలుసు. అయినా వచ్చి, సర్దుకుని కూచున్నాయి.

ఒక పొద్దున పరంధామయ్య మామ వాకింగ్‌కు పోతూ గేటు దగ్గర ఆగాడు. నావంక చూశాడు. మూసిన కిటికీ వంక చూశాడు.

"ఏమ్మాయ్... మునికుమారు..."

ఆ మాట చివర ఏముంటుందో నాకు తెలుసు. యాడికి పోతుండాడు ఇప్పుడు? ఏం జేస్తుండాడు? — కిటికీ వెనక మనిషికి వినపడే దూరమే అది. ఆ రెండు ప్రశ్నలు వినకూడదనే ఆయన వెలుతురులోకి రావడం మానేశాడు. చెవిన పడితే, ఇంకా లోపలికి ఎక్కడికి పోతాడో... మా ఇంట్లో అంతకన్నా లోపల గది లేదు.

మామ చూపు గడ్డి మీద పడింది.

"...ఏమిది, శేషాచలం అడివి మీ గేటు దాకా వచ్చేసుండాదే! చిరుత దిగితే ఒక మాట జెప్పమ్మా. మేం తలుపులేసుకుంటాం."

"నిన్ననే దిగింది మామా. దర్శనం టోకెన్ లేదని వెనక్కి పంపేసినా."

మామ నవ్వాడు. భుజాలు కదిలేలా నవ్వుకుంటూ మలుపు తిరిగాడు.

ప్రశ్న అడగనే లేదు.

గేటు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. గాలి వచ్చింది. గడ్డి ఊగింది. ఇంత సన్నటి గడ్డి... ఇంత అడ్డం నిలబడింది.

ఆ రోజు నుంచి ఒక్క మొక్క పీకలేదు.

పీకకపోవడమే కాదు. బియ్యం కడిగిన నీళ్ళు తీసుకెళ్ళి పల్లేరుకు పోశాను. అటూ ఇటూ చూసి.

గేటు దగ్గర ఎవరు ఆగినా నేనే ముందు మొదలుపెట్టేదాన్ని.

"జాగ్రత్తత్తా. మొన్న లోపలికి పోయిన నా చెప్పు ఇంకా బయటికి రాలేదు."

"ఈ భూమిని గోశాలకి రాసిచ్చేయండే. పుణ్యమన్నా వస్తాది," అనేది పంకజాక్షి అత్త.

"అడిగినాను. ఆవులే వద్దన్నాయి. యాడ మొదలుపెట్టాలో తెలీలేదంట."

నవ్వేవాళ్ళు. వెళ్ళేవాళ్ళు. వాళ్ళ నవ్వు మలుపు తిరిగేదాకా నిలబడి, అప్పుడు లోపలికి వచ్చేదాన్ని. కుర్చీలో ఆయన అలాగే ఉండేవాడు. ఆ నవ్వులు విని ఏమనుకునేవాడో... నేనడగలేదు. ఆయన చెప్పలేదు. కాఫీ ఇచ్చేదాన్ని. తాగేవాడు.

వానలు వచ్చాయి. గడ్డి మోకాళ్ళు దాటింది. వెన్ను వేసింది. సాయంత్రం ఎండ పడితే, ఎంత చెడ్డ గడ్డయినా, బంగారం రంగే.

అప్పుడు మామ నవ్వడం ఆపేశాడు.

"ఇంక బాగలేదమ్మాయ్. పిల్లోళ్ళు తిరిగే చోటు. పామూ పుట్రా చేరతాయి. చెంగయ్యను పంపిస్తా. మిషన్ పెట్టి గొరిగేస్తాడు."

"పాములు కూడా టోకెన్..."

నవ్వలేదు.

"చవితి దాకా ఆగు మామా. వినాయకుడికి గరిక కావద్దా?"

ఆగాడు. కాణిపాకం ఇంత దగ్గర పెట్టుకుని ఆ దేవుడి మాట ఎవరు కాదంటారు? అబద్ధం చెబితే ఊరుకోడని పేరున్న దేవుడు. నేను చెప్పింది అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు. ఆ మాత్రం సందు ఆయన ఇస్తాడనుకున్నాను.

చవితి వచ్చింది. వీధంతా మా గేటు ముందే. అత్త ఒడి నింపుకుంది.

"నీ బీడు చల్లగా ఉండాల," అంది.

చవితి వెళ్ళింది. బొమ్మను నీళ్ళలో కలిపారు. నా దగ్గర ఇంకో దేవుడు లేడు.

చెంగయ్య వచ్చాడు, గడ్డి కోసే మిషన్ భుజాన తగిలించుకుని. వెనకే మామ. వెనకే అత్త. తాడు లాగగానే మిషన్ అరిచింది. వీధి అంతా వినపడేలా అరిచింది.

గడ్డి పడుతోంది. ఒక వరస... ఇంకో వరస. రోడ్డుకూ మా కిటికీకీ మధ్య ఏమీ లేకుండా పోతోంది.

నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఒక్క మాట... నవ్వొచ్చే మాట ఒక్కటి... వెతికాను. రాలేదు.

మామ నావైపు చూశాడు.

తలుపు తెరుచుకుంది.

ముందు తలుపు.

మునికుమార్. లుంగీ. ముడతలు పడ్డ బనీను. మెడ దాకా దిగిన గడ్డం. వెలుతురుకు కళ్ళు చిట్లించి, చెయ్యి అడ్డం పెట్టుకుని, మెట్టు మీద.

చెంగయ్య మిషన్ ఆపాడు.

"ఏం చెంగయ్యా, గడ్డితోనే సరా? నాకూ ఇదే మిషన్ పెడతావా?" అంటూ గడ్డం నిమురుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. మొదట.

తర్వాత అత్త నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆ నవ్వు ఆగకముందే ఆయన అనేశాడు.

"పని పోయింది మామా. ఎండాకాలమే పోయింది."

గేటు కడ్డీ గట్టిగా పట్టుకున్నాను.

"తెలుసులే అబ్బా," అన్నాడు మామ, నేల చూస్తూ. "ఆ బస్సు తోలేది మా చెల్లెలి అల్లుడే గదా. నువ్వు ఎక్కడం మానేసిన వారమే జెప్పినాడు."

ఎండాకాలమే.

అంటే, చిరుతకు ముందే. గోశాలకు ముందే.

గడ్డి మామను ఆపలేదు. మామే గడ్డి దగ్గర ఆగాడు. అత్త ఆగింది. వీధి వీధే ఆగింది. రోజూ మా కిటికీ వంక చూసి, గడ్డి వైపు తిరిగి, నవ్వి, వెళ్ళిపోయింది.

కోపం రావాలి. రాలేదు. అంత మంచి జోకులు, అన్నీ తెలిసినవాళ్ళ మీద ఖర్చుపెట్టానే అని కాస్త ఉక్రోషం మాత్రం వచ్చింది. అత్త వంక చూశాను. అత్త కొంగు దించలేదు. కొంగు పైన కళ్ళు తడిగా ఉన్నాయి.

"పొద్దున నడకకు వస్తావా?" మామ అడిగాడు. మళ్ళీ తనే, "ఆ బస్సు పోయినాకనే పోదాంలే," అన్నాడు.

ఆయన మెట్టు దిగాడు. కోసిన గడ్డి మధ్యలో, బాసింపట్టు వేసుకుని, కూచున్నాడు. ఒక పరక తీసి వేలికి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్ళీ చుట్టుకున్నాడు.

గోడ వారగా ఒక మూల ఇంకా మిగిలి ఉంది. నిలువెత్తు గడ్డి. వెన్నులతో.

"ఇదీ తీసేదా అన్నా?" చెంగయ్య అడిగాడు.

"ఆ మూల సంగతి ఆమెనడుగప్పా."

నావైపు చూడకుండానే అన్నాడు. ముగ్గురూ నావైపు చూశారు.

తీయమననా... ఉంచమననా...

"కాఫీ పెడతా ఉండండి," అని లోపలికి వచ్చాను. పాలు పొయ్యి మీద పెట్టాను. మూసిన కిటికీ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. బయట మాటలు వినిపిస్తున్నాయి — ఏమిటో తెలియడం లేదు, గొంతులు మాత్రం. నాలుగో గొంతు అందులో ఉందా, లేదా... చెవి పెట్టాను.

తలుపు తీసే ఉంది.

ఆయన ఇంకా లోపలికి రాలేదు.

పచ్చి వాసన మాత్రం వచ్చింది... వంటింటి దాకా.