రామతులసి కొన్న గాలి మిషను

ఆటోనగర్‌లో హుమాయూన్ గారి దుకాణం ముందు రామతులసి స్కూటర్ ఆపింది. ఆ వెనకే ఆమె అన్న జయకృష్ణ కారు ఆగింది. పటమటలోని ఇంటి నుంచి అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ కాస్త దూరానికీ ఆయన చెల్లెలి వెనక నత్తనడకన కారు నడుపుతూ, లారీవాళ్ళ చేత తిట్లు తింటూ కాపలా వచ్చాడు. అద్దంలో ఆ కారును చూసుకుంటూ వచ్చిన రామతులసికి ఒళ్ళు మండిపోతూనే ఉంది.

ఆమె స్కూటర్‌కి నాలుగు చక్రాలు. ముందొకటి, వెనకొకటి, వెనకదానికి అటూ ఇటూ రెండు తోడు చక్రాలు. చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. కాలికి ఇనుప కడ్డీల కాలిపర్, చంకలో కర్ర. నడవగలదు, నిలబడగలదు, బ్యాంకులో కౌంటరు వెనక కూర్చుని పొద్దస్తమానం ఖాతాదారులతో వాదించగలదు. బండిని మాత్రం తొయ్యలేదు. దారిలో టైరు దిగితే మిగతావాళ్ళు పంక్చరు షాపు దాకా తోసుకుపోతారు. ఆమె ఉన్నచోటే ఆగిపోవాలి. అందుకని వెంట పెట్టుకుని తిరిగే గాలి మిషను ఒకటి కొందామని వచ్చింది.

"రండి సార్, ఏం కావాలి?" హుమాయూన్ గారు జయకృష్ణను అడిగారు.

"టైర్లకి గాలి కొట్టే చిన్న మిషను కావాలండి. దారిలో వాడుకునేది," అంది రామతులసి.

"ఏ బండికి సార్?"

"నా బండికండి. అదుగో, బయట ఉంది."

"మేడమ్‌కి మంచిదే చూపిస్తాను సార్," అన్నారాయన జయకృష్ణతోనే.

అడిగేది ఆమె, జవాబు అన్నకి. ఇది రామతులసికి కొత్త కాదు. డాక్టర్లు కూడా 'ఆమెకి నిద్ర పడుతోందా' అని పక్కవాళ్ళనే అడుగుతారు. కాలికొచ్చిన జబ్బు చెవులకీ నోటికీ కూడా పాకిందని లోకం అనుకుంటుంది కాబోలు.

మొదట బల్ల మీదికి వచ్చింది రెండు సిలిండర్ల బరువైన మిషను. కారు బ్యాటరీకి క్లిప్పులు తగిలించి నడపాలట, జీపు టైరునైనా నిమిషాల్లో లేపుతుందట. రామతులసి దాన్ని చేత్తో కదిపి చూసి పక్కకి జరిపింది. "నా స్కూటర్ బ్యాటరీకి దీన్ని తగిలిస్తే టైరు లేవడం అటుంచి బ్యాటరీ పడుకుంటుందండి. చార్జింగ్ పెట్టుకునేది చూపించండి."

రెండోది పిస్తోలు ఆకారంలో ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది. టార్చిలైటు, అంకెలు చూపించే అద్దం, మీట నొక్కితే చాలు. "ఇప్పుడంతా ఇదే తీసుకుంటున్నారు సార్," అన్నారు హుమాయూన్ గారు.

"బాగుంది, ఇచ్చెయ్యండి," అన్నాడు జయకృష్ణ. ఆయనకు ఏ దుకాణంలోనైనా అయిదు నిమిషాలు దాటితే కాళ్ళు నిలవవు.

"ఉండన్నయ్యా. విప్పండి, బండికి పెట్టి చూస్తాను."

"సీలు తీస్తే కంపెనీవాళ్ళు వెనక్కి తీసుకోరు మేడమ్." ఆయన ఆమెతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే, అదీ కాదనడానికి.

"పెళ్ళిచూపుల్లో అయినా ముఖం చూపిస్తారండీ. మీరు అట్టపెట్టెకే తాళి కట్టమంటే ఎట్లా?"

నట్లూ బోల్టులూ కొనడానికి వచ్చిన ఇద్దరు పక్కున నవ్వారు. హుమాయూన్ గారికీ నవ్వొచ్చింది. సీలు తీసిన నమూనా ఒకటి అలమర లోంచి తెచ్చి, ఆమె వెంట బయటికి నడిచారు.

తోడు చక్రాలు బిగించినవాడు ఏ ధ్యాసలో ఉన్నాడో గానీ, గాలి పట్టే వాల్వు రెండిటికీ లోపలివైపు తిరిగి ఉంటుంది. తోడు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య సందులో చెయ్యి దూరుతుంది, అంతే. పిస్తోలు మూతి సైలెన్సరుకి తగిలి అక్కడే ఆగిపోయింది. హుమాయూన్ గారు అటు తిప్పారు, ఇటు తిప్పారు, చివరికి తల అడ్డంగా తిప్పారు.

"గొట్టం పొడుగున్నది లేదాండీ?"

ఉంది. ఇటుకంత ఉంది, బూడిదరంగు, అందమూ చందమూ లేదు. ఎవరూ అడగకపోవడంతో పెట్టె మీద దుమ్ము పట్టింది. దానికి మూరెడు పైనే గొట్టం. గొట్టం చివర రెండు రకాల మూతులు మార్చుకోవచ్చు. ఒకటి మీట లేపి తగిలించేది, ఇంకొకటి వేళ్ళతో తిప్పి బిగించేది. ఆ సందులో మీట లేవదు. తిప్పేదే పనికొస్తుంది.

రామతులసి సీటు కింద నుంచి ప్లాస్టిక్ పట్టా తీసి, చక్రం పక్కన పరిచి, కాలిపర్ మోకాలి గొళ్ళెం విప్పి కిందికి కూర్చుంది. ఆటోనగర్ నడిబొడ్డున, నూనె మరకల నేల మీద, బ్యాంకుకి కట్టుకెళ్ళే చీరతో.

జయకృష్ణ చుట్టూ చూశాడు. "తులసీ, లేమ్మా. అందరూ చూస్తున్నారు. కావాలంటే నేను పెట్టి చూస్తాగా."

"కూచిపూడి బ్రాంచికి వెళ్ళే దారిలో నువ్వుంటావా అన్నయ్యా?"

ఆమె తన టైరులో గాలి తనే సగం తీసేసింది. సందులోకి చెయ్యి పోనిచ్చి, గొట్టం మూతి బిగించి, కావలసిన అంకె పెట్టి మీట నొక్కింది. మిషను మిక్సీలో పచ్చడి వేసినట్టు మోత మొదలెట్టింది. నిదానమే, కానీ టైరు నిండింది. అంకె రాగానే దానంతటదే ఆగింది. మూతి విప్పేటప్పుడు కాస్త గాలి బుస్సుమని పోయింది. అయితే రెండు పాయింట్లు ఎక్కువ పెట్టుకోవాలన్నమాట, అనుకుంది. సీటు అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"ఇదే ఇవ్వండి."

"వాడకపోయినా నెలకోసారి చార్జింగ్ పెట్టండి మేడమ్. ఊరికే ఉంచినా దిగిపోద్ది," అన్నారు హుమాయూన్ గారు. ఈసారి ఆమెతోనే అన్నారు. వాల్వు పిన్ను విప్పే చిన్న తాళంచెవి కూడా సంచిలో వేశారు.

జయకృష్ణ బయటికొచ్చి కారు తలుపు తీస్తూ ఆగాడు. "మిషను కొన్నావు, సంతోషం. ఇంట్లో ఉంటది. కూచిపూడి మాట మాత్రం మర్చిపో. రీజనల్ ఆఫీసులో తెలిసినాయన చేత చెప్పించాను. ప్రమోషన్ వద్దని నువ్వు నోటితో ఒక్క మాట చెప్తే ఇక్కడే ఉంచుతారు."

"నన్నడక్కుండానే చెప్పించావా?"

"నీ మంచికేగా."

జయకృష్ణ చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఆమె ఏనాడో ఒక్క మాటతో తెగ్గొట్టేది. పదేళ్ళు ఒకే సీటులో కూర్చున్నాక వచ్చిన ప్రమోషన్ అది. సోమవారం కూచిపూడి బ్రాంచిలో ఆఫీసరుగా చేరాలి, లేకపోతే అది ఇంకొకరికి పోతుంది. అక్కడ మెట్లు లేని గది ఒకటి ఫోనులో మాట్లాడుకుంది కూడా. వారమంతా అక్కడుండి, శనివారం సాయంత్రం పామర్రు మీదుగా తన బండి మీద ఇంటికి రావచ్చని ఆమె లెక్క. ఇన్నేళ్ళలో తన పేరుతో ఒక గది తాళంచెవి చేతికి రావడం ఇదే మొదలు.

దీనికంతటికీ అన్న అడ్డంగా పెట్టే మాట ఒకటే. టైరు దిగితే ఏం చేస్తావు? మొన్న ఎండాకాలంలో కంకిపాడు దగ్గర నిజంగానే దిగింది. ఆమె మెకానిక్‌కి ఫోన్ చేసింది, అతను అరగంటలో వస్తానన్నాడు. కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ దారిన పోయేవాళ్ళు గుమిగూడారు. అయ్యో పాపం అన్నారు. ఎవరో ఇద్దరు అడక్కుండానే రెక్కలు పట్టుకుని లేపి చెట్టు నీడకి చేర్చారు. ఇంకెవరో ఆమె చేతిలో ఫోన్ లాక్కుని 'అన్నయ్య' అని ఉన్న నంబరు నొక్కారు. మెకానిక్ వచ్చేసరికి ఆమె అన్న కారులో ఉంది. టైరు దిగినందుకు ఆమెకు బాధ లేదు. బియ్యం మూటని ఎత్తినట్టు ఎత్తినందుకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

"నేనేమీ చెప్పను. సోమవారం చేరుతున్నాను," అని ఆమె స్కూటర్ తీసింది. కారు మళ్ళీ వెనకాలే వచ్చింది.

సోమవారం పొద్దున వదిన రుచిత కట్టిచ్చిన టిఫిన్ డబ్బా, బట్టల సంచీ తీసుకుని రామతులసి లిఫ్టులో అపార్ట్‌మెంటు సెల్లారుకి దిగింది. జయకృష్ణ అప్పటికే అక్కడున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని. స్కూటర్ ఎడమవైపు ఒరిగి ఉంది. ఆ పక్క తోడు చక్రం నేలకి అతుక్కుపోయింది.

"ఇదెట్లా దిగింది?"

"నేనే తీశాను," అన్నాడు జయకృష్ణ. దాపరికం లేదు, అది ఆయన గుణం. "రోడ్డు మీద ఏం చేస్తావో ఇక్కడ నా ఎదురుగా చేసి చూపించు. చేస్తే వెళ్ళు, నేనేమీ అనను."

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది, కోపంతో. ఉద్యోగానికి పరీక్ష రాసింది, ప్రమోషన్‌కి పరీక్ష రాసింది, బండికి లైసెన్సు పరీక్ష ఇచ్చింది. ఇల్లు దాటడానికి ఇంకో పరీక్ష సెల్లారులో పెట్టాడు అన్న. ఛీ పొమ్మందామనుకుంది. కానీ చక్రంలో గాలి లేనిదే బండి కదలదు. పట్టా పరిచింది. కూర్చుంది. గొట్టం బిగించింది. మోతకి వాచ్‌మన్ స్టీఫెన్ పరుగున వచ్చి, అన్నాచెల్లెళ్ళ ముఖాలు చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. మిషను ఆగింది. బండి నిటారుగా నిలబడింది.

"అయింది," అంటూ చేతులు దులుపుకుంది.

జయకృష్ణ చక్రాన్ని బూటుతో నొక్కి చూశాడు. "ఇక్కడంటే చదునుగా ఉంది, నీడగా ఉంది. బందరు రోడ్డు మీద వాన పడుతుంటే?"

"గొడుగుంది."

"మేకు దిగితే? గాలి కొట్టినా నిలవదుగా?"

"మెకానిక్‌ని పిలుస్తా."

"చూశావా మరి," అన్నాడాయన, గెలిచినవాడిలా. "ఎవరో ఒకళ్ళని పిలవాల్సిందేగా. నేను చెప్పేదీ అదే."

అప్పుడు అర్థమైంది రామతులసికి. ఈ పరీక్షకి చివరి ప్రశ్న అంటూ ఉండదు. వాన అయ్యాక గాలివాన, మేకు అయ్యాక గాజుపెంకు. ఆమె ఎన్నిటికి జవాబు చెప్పినా ఇంకొకటి మిగిలే ఉంటుంది. సోమవారం మాత్రం గడిచిపోతుంది.

ఆమె కర్ర తీసుకుని పక్కనే ఉన్న అన్న కారు దగ్గరికి నడిచింది. కారు పట్టుకుని ముందు టైరు పక్కన వంగింది. వాల్వు మూత తీసి, హుమాయూన్ గారిచ్చిన చిన్న తాళంచెవితో లోపలి పిన్ను తిప్పి బయటికి లాగింది. గాలి సెల్లారంతా వినపడేట్టు బుస్సుమంది.

"ఏయ్, ఏంటది? ఏం చేస్తున్నావు?"

"పరీక్ష పెడుతున్నాను."

కారు ఒక మూలకి మెల్లగా కూలబడింది. గాలి మొత్తం పోయాక ఆమె పిన్ను మళ్ళీ బిగించి, మూత పెట్టింది. ఆ మాత్రం న్యాయం ఆమెకు తెలుసు.

"నింపన్నయ్యా. ఇక్కడ చదునుగా ఉంది, నీడగా ఉంది. నీకు కాళ్ళు కూడా బాగున్నాయి."

జయకృష్ణ టైరు వైపు చూశాడు. డిక్కీలో స్టెప్నీ ఉందని ఆయనకు తెలుసు. దాన్ని బయటికి ఎలా తీస్తారో, జాకీ ఎక్కడ పెడతారో ఈ జన్మలో చూడలేదు. చొక్కా చూసుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఎవరికి?"

"కారు కంపెనీవాళ్ళకి. ఫోన్ చేస్తే మనిషిని పంపిస్తారు. దానికోసమేగా ఏడాదికింతని కట్టేది."

"నేను కంకిపాడులో చేసింది అదే అన్నయ్యా," అంది రామతులసి. "నువ్వు పిలిస్తే అది సర్వీసు. నేను పిలిస్తే దిక్కులేక పిలిచినట్టు. నీ టైరు దిగితే నిన్నెవడూ ఇంట్లో కూర్చోమనడు. నా టైరు దిగితే ఉద్యోగం మానుకోవాలా? నేను ఎవరి సాయమూ లేకుండా బతుకుతానని ఎప్పుడన్నా అన్నానా? ఎవరిని పిలవాలో, ఎప్పుడు పిలవాలో నేను చూసుకుంటానన్నాను. అంతేగా."

ఆయన ఏదో అనబోతూనే నంబరు నొక్కాడు. అవతల ఒక అమ్మాయి ఫోన్ ఎత్తింది. సెల్లారులో సిగ్నల్ సరిగా లేక జయకృష్ణ స్పీకరు పెట్టుకుని అరిచి చెప్పాల్సి వచ్చింది. పేరు చెప్పాడు, కారు నంబరు చెప్పాడు, టైరు దిగిందని చెప్పాడు. ఎలా దిగిందో చెప్పలేదు.

"కంగారు పడకండి సార్. మీరున్న చోటే ఉండండి, మా మెకానిక్ వస్తారు," అంది ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా.

రామతులసి సంచి ముందు పెట్టుకుంది. గాలి మిషను సీటు కింద సర్ది తాళం వేసింది. జయకృష్ణ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు, "అది ఇచ్చి వెళ్ళొచ్చుగా. నాకూ పనికి టైమైంది."

"ఇది నాకు దారిలో కావాలి."

ఆమె హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్ట్ చేసింది. ఫోన్‌లో అమ్మాయి తన వరస ప్రకారం అడుగుతూనే ఉంది. "సార్, ప్రస్తుతం మీకు సాయంగా పక్కన ఎవరైనా ఉన్నారా?"

జయకృష్ణ తల ఎత్తి చూశాడు. సెల్లారులో ఆయనకు కనిపించేది ఆ నాలుగు చక్రాల బండి, దాని మీద చెల్లెలు. అవతల అమ్మాయి సార్, సార్ అంటోంది.

"ఉందండి, మా చెల్లెలు," అన్నాడు చివరికి. "కానీ ఆవిడ ఆగదు. కూచిపూడి వెళ్ళాలి, ఇవాళ డ్యూటీలో చేరుతోంది."

రామతులసి ఆ మాట విన్నది. వెనక్కి తిరక్కుండా బండిని ర్యాంపు మీదికి ఎక్కించి, బందరు రోడ్డు వైపు మళ్ళించింది. అద్దంలో ఈసారి కారు లేదు.