ఈసారి గోడలు కడగం

“గోడ తడవడానికి కారణం మీ ఊపిరే” అన్నాడు మా ఇళ్ళు అద్దెకిచ్చే ట్రస్టు మనిషి.

ఆ మాట విన్నప్పుడు షెవాన్ ముఖం మీరు చూసుండాల్సింది. మూడేళ్ళ కూతురు ఎఫీ ఛాతీ పట్టేసి ఆస్పత్రిలో, ముక్కులో గొట్టంతో పడుకుని ఉంది. తల్లేమో రొట్టెల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, నెత్తి మీద వల టోపీ కూడా తీయకుండా పరిగెత్తుకొచ్చి తలుపు తీసింది. పడకగది గోడ నేల నుంచి నడుం ఎత్తు దాకా నల్లటి బూజు. ఆయన గోడని తాకనైనా తాకలేదు. చేతికి తొడుగేసుకుని మరీ కిటికీ పిడి పట్టుకున్నాడు.

“ఇద్దరు మనుషులు ఒకే గదిలో పడుకుని ఊపిరి పీలుస్తారు, వదుల్తారు. కెటిల్ మరగపెడతారు. బట్టలు లోపలే ఆరేస్తారు. ఆ ఆవిరంతా ఎక్కడికి పోవాలి? మీ జీవన విధానం మార్చుకోవాలమ్మా.”

నేను ఉండబట్టలేకపోయాను. “అయితే ఊపిరి మానేయమంటావా బాబూ?”

“మీరెవరు?”

“పై అంతస్తు. బెరిల్ ఆష్‌వర్త్. నేను కూడా ఊపిరి పీలుస్తాను, రాసుకో.”

నిజంగానే రాసుకున్నాడు! ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు వంటింట్లో పిల్లలకి వండి పెట్టినదాన్ని. ఏ పిల్లాడు క్యాబేజీ జేబులో దాస్తున్నాడో ముఖం చూసి చెప్పగలను. వీడి ముఖం చూస్తే, ఇదంతా వీడికి ముందే తెలుసనిపించింది.

మర్నాడు నలభై నాలుగు ఇళ్ళకీ ఉత్తరం వచ్చింది. పద్నాలుగు రోజుల తర్వాత, గురువారం ఉదయం పదింటికి తనిఖీ. ఏటా వచ్చేదే. మా వీవర్స్ కోర్టు బిల్డింగులో ఆ ఉత్తరం వస్తే పండగ వచ్చినట్టే హడావుడి. బ్లీచింగు వాసన మెట్ల దాకా కొట్టేది. నేనూ మోకాళ్ళ మీద కూర్చుని గోడ మూలమూలా రుద్దేదాన్ని. మా అమ్మ మిల్లులో పన్నెండు గంటలు నిలబడొచ్చి కూడా గడప రాయి తోమేది. పరాయివాడు ఇంట్లోకొచ్చి మురికి చూస్తే ఈ క్రాగ్‌డెన్ ఊళ్ళో తల తీసేసినట్టే. పైగా మా అద్దెవాళ్ళ సంఘం అధ్యక్షుడు డెరెక్ ఫిల్‌పాట్ తనిఖీకి వారం ముందు తెల్లరంగు డబ్బాలు ఇంటింటికీ పంచేవాడు. ట్రస్టు వాళ్ళు ఉచితంగా ఇచ్చారట. ఎంత దయో! తనిఖీవాడు వచ్చి, తెల్లటి గోడలకి ఫోటోలు తీసుకుని, ‘బూజు కనపడలేదు’ అని రాసి పోయేవాడు. మూడు వారాల్లో బూజు మళ్ళీ పైకి పాకేది.

ఈసారి ఆ కాగితం మీద ఒక ప్రాణం వేలాడుతోంది. వార్డు డాక్టరమ్మ షెవాన్‌ని వరండాలోకి పిలిచి చెప్పింది. “తనిఖీ మర్నాడే, శుక్రవారం, నీ బిడ్డని ఇంటికి పంపాలి, మంచాలు లేవంటున్నారు. ఇల్లు బాగాలేదని తనిఖీ కాగితం వస్తే నేను పంపను. బాగుందని వస్తే ఆపడానికి నా చేతిలో ఏమీ లేదు. కానీ ఆ గోడల మధ్యకి వెళ్తే ఈ చలికాలం దాటుతుందని నేను హామీ ఇవ్వలేను.”

అలాంటి సమయంలో వచ్చింది టామ్సిన్ రీవ్ అనే విలేకరి. మా ఊరి యాస కాదు, దేశంలో దక్షిణాది యాస, శుభ్రమైన బూట్లు, నోటుబుక్కు. బిల్డింగులో అందరికీ కలిపి ఉన్న బట్టలుతికే గదిలో మీటింగు పెట్టాం. ఒక్కరూ కుర్చీ చూపించలేదు.

“ఐదేళ్ళ కింద కూడా ఒకడు వచ్చాడు” అంది పక్కింటి ఎడ్నా. ఆమెకి డెబ్భై ఎనిమిది. “నా మంచి కప్పుల్లో టీ తాగాడు. నేను చేసిన కేకు రెండు ముక్కలు తిన్నాడు. తీరా పేపర్లో ఏం రాశాడు? సర్కారు డబ్బుతో పెద్ద టీవీ కొనుక్కుని సోమరిగా కూర్చున్నానట! ఆ టీవీ నా మొగుడి చావు డబ్బుతో కొన్నానమ్మాయ్.”

“నేను టీ అడగలేదండీ” అంది టామ్సిన్.

“అడిగినా ఇవ్వను” అంది ఎడ్నా.

డెరెక్ లేచాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, టై. “ట్రస్టుతో గొడవ పెట్టుకుంటే ఉన్నది కూడా ఊడుతుంది. మాట్లాడి సాధించుకోవాలి. నేను మాట్లాడుతున్నాను కదా?”

“ఎన్నేళ్ళు మాట్లాడతావయ్యా?” అన్నాడు బస్సు డ్రైవరు అక్రమ్. “నోరు నొప్పి పుట్టదూ?”

మీటింగు ఎటూ తేలకుండా ముగిసింది. మర్నాడు పొద్దున తలుపుల కింద నుంచి కాగితాలు దూరాయి. ‘బయటి వ్యక్తులకు భవనంలో ప్రవేశం కల్పించుట అద్దె ఒప్పంద ఉల్లంఘన కావచ్చును.’ అంటే మా గదిలో మాట పన్నెండు గంటల్లో ట్రస్టు చెవిన పడిందన్నమాట!

అప్పుడు చూడాలి మా బతుకు. మెట్ల మీద ఎదురైతే తలలు దించుకోవడం. అక్రమ్ నన్ను అనుమానించాడు. ఎడ్నా అక్రమ్‌ని అనుమానించింది. నేనైతే ఆ విలేకరి పిల్లనే అనుమానించాను. వాళ్ళకి కావలసింది కూడా ఇదేననీ, ఒకడి మీద ఒకడు అనుమానంతో ఉన్నంత కాలం మేము నలభై నాలుగు తలుపులమే తప్ప ఒక్క ఇల్లు కాలేమనీ ఆలస్యంగా వెలిగింది నాకు.

సరే, ఎవరి చెవో తేల్చాలి. “మంగళవారం పదింటికి టామ్సిన్ మా ఇంటికొస్తోంది” అని ఒక్క డెరెక్‌కే చెప్పాను. అబద్ధం. మంగళవారం పదింటికి గేటు దగ్గర ట్రస్టు సెక్యూరిటీ బండి వచ్చి నిలబడింది.

“వాడి టై పట్టుకుని ఈడుస్తాను” అన్నాడు అక్రమ్.

“వద్దు” అన్నాను. “ఈ చెవి కోస్తే వాళ్ళు ఇంకోటి మొలిపించుకుంటారు. ఉన్నదాన్ని ఉండనీ. అందులో మనకి కావలసింది పోద్దాం.”

ఆ తర్వాత మీటింగులన్నీ అక్రమ్ నడిపే రెండంతస్తుల బస్సు పైభాగంలో. ఆఖరి స్టాపు దాకా పోయి తిరిగొచ్చేసరికి నలభై నిమిషాలు. ముసలివాళ్ళకి పాసులుండనే ఉన్నాయి. అక్కడే టామ్సిన్ ఒక కాగితం తీసింది. ట్రస్టు లోపలి కాగితం. ఆమె చదువుతుంటే బస్సు కుదుపులకి మాటలు తెగుతున్నాయి.

“తనిఖీకి పద్నాలుగు దినముల ముందస్తు నోటీసు ఇవ్వవలెను. అద్దెదారులు గోడలను స్వయముగా శుభ్రపరచుకొందురు. రంగు ఉచితముగా అందజేయవలెను. ఫోటోలు తదుపరి మాత్రమే తీయవలెను.”

మోకాళ్ళు అరిగేలా రుద్దాను ఇన్నేళ్ళూ. సాక్ష్యాన్ని నా చేతుల్తో నేనే కడిగేశాను!

“మన వేలితో మన కన్నే పొడిపించారు” అంది ఎడ్నా మెల్లగా.

అయినా నాకు నమ్మకం చాల్లేదు. “ఏయ్ పిల్లా, ఈ కాగితం ఎవరిచ్చారు?”

“చెప్పను బెరిల్ గారూ.”

“చెప్పకపోతే వచ్చే స్టాపులో దిగిపో. ఇది కూడా వాళ్ళ ఎత్తేమో ఎవరికి తెలుసు?”

ఆమె బ్యాగు భుజాన వేసుకుని లేచి నిలబడింది. “దిగిపోతాను. ఆ మనిషికి ఉద్యోగముంది, పిల్లలున్నారు. ఇవాళ ఆ పేరు మీకు చెప్పేదాన్నయితే, రేపు మీ పేరు వాళ్ళకి కూడా చెప్తాను.”

కింద అక్రమ్ బ్రేకు వేశాడు. తలుపు తెరుచుకుంది. నేను ఆమె మోచెయ్యి పట్టుకుని లాగాను. “కూర్చో. స్టాపు దాటనీ.”

రేపే అచ్చేస్తానంది టామ్సిన్. ఆమె ఎడిటరు తొందర పెడుతున్నాడట. ఆ మాటకి బస్సంతా లేచింది.

“రేపు వేస్తే ఏమవుతుందో తెలుసా?” అంది షెవాన్. అన్ని రోజుల్లో ఆ పిల్ల గొంతెత్తడం అదే మొదటిసారి. “తనిఖీ వాయిదా వేస్తారు. కాగితం రాదు. శుక్రవారం నా బిడ్డ ఆ గదిలోకే వస్తుంది. నీకు వార్త దొరుకుతుందమ్మా, నాకేం దొరుకుతుంది?”

టామ్సిన్ నోటుబుక్కు మూసేసింది. “అయితే ఎప్పుడు వెయ్యమంటారు?”

“తనిఖీవాడు మా మెట్లెక్కాక” అన్నాను. “ముందు కాదు.”

ఇంక మిగిలింది అసలు కష్టం. కడగకుండా ఉండాలి. మీకు నవ్వొస్తుందేమో, ఈ కథ వింటున్న మీరు చదువుకునే పిల్లలు కదా. సమ్మె అంటే పని మానేయడమే కదా అంటారు. ఫ్యాక్టరీలో పని మానేయడం సులువు. పరాయి మగాడు కెమెరా పట్టుకుని వస్తాడని తెలిసి, పడకగదిలో నల్లటి గోడని అలాగే వదిలేయడం ఎంత నరకమో మా తరం ఆడవాళ్ళని అడగండి.

“నా వల్ల కాదే బెరిల్” అని ఏడ్చింది ఎడ్నా. “చచ్చిన మా అమ్మ లేచొచ్చి చెంప పగలగొడుతుంది.”

“కొట్టనీ. నీతో పాటు నేనూ తింటాను. ఆ సిగ్గు మనది కాదే ఎడ్నా, వాళ్ళది. ఇన్నేళ్ళూ మనతో మోయించారు.”

డెరెక్ రంగు డబ్బాలు పంచాడు. అందరం తీసుకున్నాం, నవ్వుతూ థాంక్స్ చెప్పాం. ఒక్కరూ మూత తీయలేదు. ట్రస్టుకి ఆ చెవి ద్వారా పోయింది ‘అందరూ రంగు వేస్తున్నారు’ అన్న కబురే.

గురువారం పదింటికి క్విల్టర్ అనే తనిఖీ అధికారి వచ్చాడు. మొదట ఎడ్నా ఇల్లు. ఆమె తన మంచి కార్డిగన్ వేసుకుని, ముత్యాల దండ పెట్టుకుని నల్లగోడ ముందు నిలబడింది. క్విల్టర్ గోడ చూశాడు. నోటి నుంచి మాట ఠక్కున జారింది.

“అదేంటి, కడగలేదా?”

“కడుగుతామని మీకెవరు చెప్పారు?” అన్నాను గుమ్మంలోంచి. టామ్సిన్ చేతిలో రికార్డరు వెలుగుతోంది.

అతను పక్కింటికి పోయాడు, నలుపు. పై అంతస్తు, నలుపు. నలభై మూడు తలుపులూ బార్లా తెరిచి, జనం చేతులు కట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. పదిన్నరకి పేపరు వెబ్‌సైటులో టామ్సిన్ వార్త బయటికొచ్చింది. క్విల్టర్ ఫోను మోగింది. పెట్టేస్తే మళ్ళీ మోగింది. “తనిఖీ రద్దయింది” అని మెట్ల వైపు తిరిగాడు. మెట్ల నిండా మనుషులు కూర్చుని ఉన్నారు, చంకలో బిడ్డలతో, ఒళ్ళో అల్లికలతో.

“దారివ్వండి!”

“రాసి వెళ్ళు” అన్నాడు అక్రమ్. “కళ్ళతో చూసింది రాయి. అబద్ధం రాయమనడం లేదు కదా!”

అప్పుడు తెరుచుకుంది నలభై నాలుగో తలుపు. డెరెక్ ఇల్లు. గోడలన్నీ పాలలా తెల్లగా ఉన్నాయి. క్విల్టర్‌కి ప్రాణం లేచొచ్చింది.

“ఇదిగో, చూడండి! ఇదే బిల్డింగు, ఇదే గోడ. శుభ్రంగా బతికేవాళ్ళకి బూజు రాదు.”

మేమంతా డెరెక్ వైపు చూశాం. మురిసిపోతాడనుకున్నాను. కానీ అతని ముఖంలో రక్తం లేదు. అతని భార్య ఐరీన్ రెండు చలికాలాల కింద ఆ గదిలోనే దగ్గి దగ్గి పోయింది.

“ఏమన్నావు?” అన్నాడు. “శుభ్రంగా బతికేవాళ్ళకి రాదా? అయితే నా ఐరీన్ మురికిదా?”

“నేను అలా అనలేదు మిస్టర్ ఫిల్‌పాట్, మీరు మాకు ఎంతో సాయం...”

డెరెక్ వంటింట్లోకి వెళ్ళి వెన్న రాసుకునే కత్తి తెచ్చాడు. మంచం తలవైపు గోడలోకి దింపి గీకాడు. తెల్లరంగు పెచ్చు లేచింది. దాని కింద ఇంకో తెల్లరంగు. దాని కింద ఇంకోటి. ఏడు పొరలు, ఏడు తనిఖీలు. ఒక్కో పొర ఊడుతుంటే మనిషి వెక్కుతున్నాడు. ఏడోదాని కింద గోడ తడిగా, నల్లగా, మెత్తగా ఉంది. కత్తి పిడి దాకా దిగింది.

“రాయి” అన్నాడు డెరెక్. “ఈ ఇంటితోనే మొదలుపెట్టు. మొదట నా పేరు రాయి. ఇన్నాళ్ళూ మీకు ఫోన్లు చేసింది నేనే. అది కూడా రాయి.”

నాకు అతన్ని కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. పక్కకి జరిగి మెట్ల మీద చోటిచ్చాను. కూర్చున్నాడు.

క్విల్టర్ సాయంత్రం నాలుగింటి దాకా రాశాడు. నలభై నాలుగు కాగితాలు, నలభై నాలుగు సంతకాలు. షెవాన్ కాగితం మీద ‘నివాసయోగ్యం కాదు’ అని రాసి తలెత్తకుండా వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి డాక్టరమ్మ ఆ కాగితం చూసి ట్రస్టుకి ఫోన్ చేసింది, బిడ్డని పంపనని. పన్నెండింటికి షెవాన్ నాకు ఫోన్ చేసింది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

“ఇల్లిచ్చారు బెరిల్ ఆంటీ! కొండ రోడ్డులో, నేల అంతస్తులో ఇల్లు. గోడలు తాకి చూశాను, పొడిగా ఉన్నాయి. ఎఫీ అక్కడికే వస్తుంది.”

సంతోషంతో ముందు కుర్చీలో కూలబడ్డాను. ఆ తర్వాత లెక్క తట్టి ఒళ్ళు మండింది. రెండేళ్ళు ఆ పిల్ల ఆఫీసు చుట్టూ తిరిగితే, ఇల్లు లేదు, లేదు, లేదు అన్నారు. మూడు గంటల్లో ఎక్కణ్ణుంచి పుట్టింది? తాళం వేసి ఎన్ని పొడి ఇళ్ళు ఖాళీగా ఉంచారు వీళ్ళు? టామ్సిన్‌కి ఫోన్ చేసి అదే అడిగాను. “అదే వెతుకుతున్నాను” అంది.

సోమవారం ట్రస్టు ఆఫీసు తలుపు తెరవగానే మేము లోపల ఉన్నాం. షెవాన్ పోగా మిగిలిన నలభై మూడు ఇళ్ళ వాళ్ళం, ఎవరి కాగితం వాళ్ళ చేతిలో. కుర్చీలు చాలక నేల మీద కూర్చున్నాం. కౌంటరు వెనక అమ్మాయి కంగారుగా లేచింది.

“ఇంతమంది... ఎంతసేపు కూర్చుంటారు?”

“ఎఫీకి ఇల్లివ్వడానికి మీకు మూడు గంటలు పట్టింది” అన్నాను. “గడియారం చూసుకో తల్లీ. ఇప్పుడు తొమ్మిదయింది.”

“పన్నెండు దాటితే?”

టై లేకుండా వచ్చాడు ఆ రోజు డెరెక్. నా పక్కన నేల మీద కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు.

“దాటనివ్వం” అన్నాడు.