అక్క కూర్చిన పడవ

అక్కది టైలరింగ్ షాపు. చెల్లెలిది మందుల షాపులో ఉద్యోగం. ఇద్దరికీ పెళ్లిళ్లు కలిసిరాలేదు. వదిలేసి పోయిన మొగుళ్ల ఊసు ఎత్తకుండా ఒకే ఇంట్లో ఉంటున్నారు. సాయంత్రం షట్టర్ దించగానే బట్టలు కత్తిరించే బల్ల తుడిచి, బొమ్మ కూర్చే పజిల్ ముక్కలు కుమ్మరించేవారు. అక్క అంచులు కట్టేది, చెల్లెలు రంగులు ఏరేది. ముక్క మరో ముక్కలో టక్కున కూర్చుంటే ఆ రోజు కస్టమర్లు పెట్టిన సతాయింపంతా చెల్లెలికి చేత్తో తీసేసినట్టు పోయేది.

"ఆకాశమంతా నాకే అంటగడతావు, ఒకటే నీలం! కళ్లు లాగేస్తున్నాయి."

"వాగకుండా వెతుకు. నోటితో పెడతావా ముక్కలు?"

కాలక్షేపం కాస్తా పోటీల దాకా వెళ్లింది. లైబ్రరీ హాల్లో జంటల పోటీ పెడితే ఒక ఏడాది రెండో బహుమతి కొట్టారు. ఆ కప్పు కుట్టుమిషన్ పక్కనే పెట్టుకుని, ప్యాంటు పొడవు తగ్గించుకోడానికి వచ్చినవాళ్లకి కూడా అక్క ఆ కథంతా చెప్పేది. హాల్లో అందరూ వాళ్లని 'కత్తెర జంట' అనేవారు.

మరుసటి ఏడాది అదే హాల్లో, గంట కొట్టిన కాసేపటికే అక్క చేతులు ఆగిపోయాయి.

"ఏమైందక్కా? కానీ, పక్కవాళ్లు అప్పుడే అంచు కట్టేశారు."

అక్క వంగి, చెల్లెలికి మాత్రమే వినబడేలా అంది. "నాకు కనబడట్లేదే. మధ్యలో అంతా మసక. కొన్నాళ్లుగా ఇంతే."

"మరి చెప్పవేం!"

"చెబితే నన్ను తీసుకొస్తావా ఇక్కడికి? అరవకు. రంగు నువ్వు చెప్పు, నేను తడిమి పెడతా."

అలాగే పెట్టారు. అందరికంటే వెనక మిగిలారు గానీ బొమ్మ పూర్తిచేశారు. అందరూ చప్పట్లు కొడుతుంటే చెల్లెలు తల ఎత్తలేదు.

కళ్ల డాక్టరు మాట నాన్చలేదు. నరం దెబ్బతిందనీ, పోయిన చూపు తిరిగిరాదనీ, మిగిలింది ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ అన్నాడు. అదీ ఎక్కువ కాలం నిలవలేదు. షాపు అందులో కుట్టే మనిషి చేతికి అప్పగించి అక్క ఇంటికే పరిమితమైంది. ఏడవలేదు. ఎవరైనా జాలిపడితే మాత్రం కస్సుమనేది.

ఒక సెలవు రోజు పొద్దున్నే చిన్న పజిల్ పెట్టె ఒకటి ముందేసుకుని కూర్చుంది. "వేళ్లున్నాయిగా! నువ్వు దగ్గరికి రాకు" అంది. నున్నటి వైపు పైకి తిప్పుకుంటూ, ఒక్కో ముక్క చుట్టూ బొటనవేలు తిప్పుతూ మధ్యాహ్నం అన్నం కూడా వద్దని కూర్చుంది. చెల్లెలు వంటింట్లోంచి తొంగిచూసి వెనక్కి వెళ్లిపోయేది. చివరికి అక్క గొంతు ఖంగున మోగింది.

"అయిపోయింది! వచ్చి చూడవే!"

చెల్లెలు వచ్చింది. ముక్కలన్నీ సందు లేకుండా కూర్చున్నాయి. కానీ ఆ పెట్టెలోవి ఇంచుమించు ఒకే కోతవి. ఏది ఎక్కడైనా పడుతుంది.

"ఏంటే, నోరు పెగలట్లేదు?"

"బాగుందక్కా."

"నీకు అబద్ధమాడటం చిన్నప్పుడే చేతకాలేదు. చెప్పు."

"పడవ... తెరచాప సగం నీళ్లలో ఉంది. సూర్యుడు పడవ కిందున్నాడు."

అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే మారిపోయింది. బల్ల మీద తల వాల్చి, వెక్కివెక్కి ఏడ్చింది. చెల్లెలు వీపు మీద చెయ్యివేస్తే తోసెయ్యలేదు. అంతే, మళ్లీ ఆ పెట్టెలు ముట్టుకోలేదు.

ఆ ఏడాది ఒక్కొక్కరే ఆడే పోటీకి చెల్లెల్ని పోరుపెట్టి పంపింది అక్కే. చెల్లెలు వెళ్లింది, వచ్చింది. మంచం అంచున కూర్చుని, హాలెలా ఉంది, ఎవరెవరొచ్చారు, ఏ బొమ్మ ఇచ్చారు, ఏ మూల ఎంతసేపు పీడించిందో పూసగుచ్చినట్టు చెబుతోంది. అక్క గోడవైపు తిరిగింది.

"వెళ్లు. మానకు. నామీద ఒట్టే, మానకు. కానీ వచ్చి నాకు చెప్పకే. వినలేకపోతున్నా."

చెల్లెలు "సరే అక్కా" అని లేచి, దీపం వేసి, పొయ్యి వెలిగించింది.

ఆ తర్వాత కూడా పోటీలకు వెళుతూనే ఉంది. తిరిగొచ్చి చెప్పులు విడుస్తుంటే లోపల్నించి అక్క ఒక్కటే అడుగుతుంది.

"తిన్నావా?"