అమ్మ వంతు కొవ్వొత్తి

క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఆగమన కాలం వస్తోంది. అందులో మొదటి ఆదివారానికి ముందురోజు ఒట్టీలియా కత్తి పట్టుకుని బురదనేల అడవికి వెళ్లింది. కొవ్వొత్తుల దండకు కావలసిన కొమ్మలు ఏటా అక్కడే కోసుకొచ్చేది. కాపురానికి వచ్చిన కొత్తలో, ఏ చెట్టు ఆకు క్రిస్మస్ దాకా రాలదో అత్తగారు చెయ్యి పట్టుకుని తిప్పి మరీ చూపించింది. మామగారు పోయాక ఆ అడవి ఎవరిదన్నది కోర్టులో తేలకుండా ఉండిపోయింది. ఒట్టీలియా భర్త ఆంబ్రోజ్ నాదంటాడు, అతని అన్న రోమన్ నాదంటాడు. మిన్నెసోటాలోని ఆ పల్లెలో ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒక్క పొలమే అడ్డం. అయినా గుడిలో ఎదురుపడితే తలతిప్పుకునేంత పగ పెరిగింది.

ఆమె నాలుగు కొమ్మలు కోసిందో లేదో, రోమన్ కుక్కను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఎవరి చెట్టు మీద చెయ్యేస్తున్నావ్?"

"దేవుడి దండకి, బావగారూ. అత్తయ్య ఉన్నప్పట్నించీ ఇక్కడే కోస్తున్నాగా."

"అత్తయ్య పోయింది. దేవుడికి కావాలంటే మీ ఆయన పొలంలో మొలిపించుకోమను."

కొమ్మల మోపును బూటుతో తన్నాడు. ఆమె వంగి ఏరుకోబోయింది. రోమన్ కుక్క మెడపట్టీ వదిలేశాడు. అది పిక్క పట్టుకుని మేజోడుతో సహా కండ చీల్చింది. అతను కుక్కను వెనక్కి పిలిచాడు గానీ, పిలవడానికి తొందరపడలేదు.

ఒట్టీలియా కొమ్మలు మాత్రం వదల్లేదు. బూటు నిండా నెత్తురుతో ఇంటికి చేరింది. జారిపడ్డానని చెబుదామనుకుంది కానీ, చిన్నకూతురు జీటా మంచులో ఎర్రటి అడుగులు చూసి కేక పెట్టింది.

మర్నాడు సాయంత్రం దండ బల్లమీదికి వచ్చింది. పచ్చటి కొమ్మల చుట్టులో మూడు ఊదారంగు కొవ్వొత్తులు, ఒక గులాబీరంగుది. ఆదివారానికి ఒక కొత్తది చొప్పున, ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో వారం వెలిగించాలి. మొదటివారం కడగొట్టు బిడ్డ వంతు. జీటా కుర్చీ ఎక్కి వెలిగించింది. "ప్రభువా, నీ బలమును మేల్కొలిపి రమ్ము" అని ఆంబ్రోజ్ ప్రార్థన చెప్పాడు. ఆమెన్ అన్నాక సూపు ముట్టకుండా తుపాకీ తీసుకుని వెళ్లిపోయాడు. అన్న గుమ్మం ముందే, అన్న చూస్తుండగానే కుక్కను కాల్చి చంపాడు.

"ఇవాళ్టికి కుక్క," అన్నాడు.

రోమన్ ఆ వారం దాటనివ్వలేదు. ఆంబ్రోజ్ కొట్టంలో ఆవు కింద కూర్చుని పాలు పితుకుతుంటే వెనకనుంచి వచ్చి ఇనపగొట్టంతో కొట్టాడు. కుడిచెయ్యి విరిగాక కూడా ఆపలేదు. పక్కటెముకల మీద, మూతిమీద కొట్టాడు. పాలబకెట్టు తిరగబడి, పేడలో పాలు, పాలలో నెత్తురు కలిశాయి. కేకలు విని ఒట్టీలియా గడ్డి ఎత్తే ముళ్లకర్రతో పొడవబోతే అప్పుడు తప్పుకున్నాడు. పోతూ పోతూ బయట నిలబెట్టిన బండి ఇంజనును అదే గొట్టంతో ముక్కలు చేసి పోయాడు. కొడుకు సిరిల్ ఆ సమయానికి కట్టెలకు వెళ్లి ఉన్నాడు. పాలక్యాన్లు తీసుకెళ్లే అతను తన లారీలో ఆంబ్రోజ్‌ను పట్నం తీసుకెళ్లి, చేతికి కట్టు కట్టించి తెచ్చాడు.

"షెరీఫ్‌కి చెప్పి కేసు పెడదాం," అంది ఒట్టీలియా.

"అన్నదమ్ముల మధ్యకి షెరీఫ్ ఎందుకే? ఈ చెయ్యి బాగుంటేనా..." అని ఆంబ్రోజ్ పళ్లూడిన నోటితో అన్నాడు. అని కొడుకు వైపు చూశాడు. ఆ చూపు ఒట్టీలియాకు నచ్చలేదు.

రెండోవారం పెద్దబిడ్డ వంతు. సిరిల్ పుల్ల గీసి రెండు కొవ్వొత్తులూ వెలిగించాడు. వేళ్లు కాలేదాకా ఆ పుల్ల పట్టుకునే ఉన్నాడు. ఆమెన్ అనలేదు. ఆ వారమంతా రోజూ తుపాకీ తుడిచాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. అడిగితే జవాబు చెబుతాడేమోనని ఒట్టీలియాకు భయం.

మూడోది ఆనంద ఆదివారం. గుడిలో ఫాదర్ గులాబీరంగు వస్త్రాలు వేసుకుని, ఆనందించండి, మళ్లీ చెబుతున్నాను ఆనందించండి అన్నాడు. ముందు బెంచీలో రోమన్, వెనక బెంచీలో సిరిల్. కొడుకు కళ్లు పీఠం మీద లేవు, పెదనాన్న మెడమీద ఉన్నాయి. ఒట్టీలియా పూజ అంతా కొడుకునే చూసింది.

పొద్దు వాలేసరికి మంచు దట్టంగా కురుస్తోంది. ఎక్కడో తీగ తెగి టెలిఫోను మూగబోయింది. మూడోవారం అమ్మ వంతు. జీటా అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చింది. ఒట్టీలియా ఊదారంగువి రెండూ వెలిగించి గులాబీ కొవ్వొత్తి దగ్గర పుల్ల పెట్టబోతుండగా సిరిల్ కుర్చీ జరిపి లేచాడు. తలుపు వెనకనుంచి తుపాకీ తీశాడు.

"కూర్చో. తిన్నాక ఎక్కడికైనా పోదువుగాని."

"పెదనాన్న పాలు పితికే వేళైంది. నాన్నని ఎలా కొట్టాడో అలాగే, వెనకనుంచే."

ఒట్టీలియా మొగుడి వైపు చూసింది. ఆంబ్రోజ్ పళ్లెంలోకి చూస్తున్నాడు. ఒక్కమాట అంటే చాలు, కొడుకు ఆగుతాడు. ఆ ఒక్కమాటా అతను అనలేదు.

ఆమె వెళ్లి తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"తప్పుకో అమ్మా."

"తప్పుకోను. నన్ను కూడా కాల్చి పో."

సిరిల్ ఆమె భుజం పట్టుకుని విసిరేశాడు. ఆమె వెళ్లి బల్లకు కొట్టుకుంది. ఒక కొవ్వొత్తి ఒరిగి ఎండిన ఆకు చిటపటమని అంటుకుంది. జీటా ఏడుస్తూ గ్లాసులో పాలు దండమీద కుమ్మరించింది. సిరిల్ అప్పటికే గడియ తీస్తున్నాడు. ఒట్టీలియా చేతికి పొయ్యిలో నిప్పు ఎగదోసే ఇనపకడ్డీ తగిలింది. రెండు చేతులా ఎత్తి, కొడుకు కాలిమీద, మోకాలి కింద, కట్టె చీల్చినట్టు కొట్టింది.

ఎముక విరిగిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది. సిరిల్ కూలిపోతూ మీట నొక్కేశాడు. గుండు పైకప్పులోకి దూసుకుపోయి సున్నం రాలింది. అతను మళ్లీ తుపాకీ అందుకోబోతే వాడి చేతిమీద కూడా ఒకటి వేసింది. తుపాకీని కాలితో పొయ్యి కిందికి తోసింది.

"చంపేశావే వాణ్ణి!" అన్నాడు ఆంబ్రోజ్.

"బతికించాను. నువ్వు చెయ్యాల్సిన పని," అంది ఒట్టీలియా.

ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. నెత్తురు ఆగడం లేదు. దుప్పటి చింపి గట్టిగా కట్టింది. తమ బండి ముక్కలై పడుంది. పాల లారీ ఆదివారం రాదు. ఆ మంచులో అందుబాటులో ఉన్న బండి ఒక్కటే. ఒట్టీలియా శాలువా కప్పుకుని, గాయం మానని కాలు ఈడ్చుకుంటూ పొలానికి అడ్డంపడి నడిచింది.

తుపాకీ మోత విని రోమన్ గుమ్మంలోకి వచ్చి ఉన్నాడు. ఆమెను చూడగానే జుట్టు పట్టుకుని స్తంభానికి అదిమాడు.

"ఎవడు కాల్చాడు? ఎక్కడ దాక్కున్నాడు?"

"దాక్కోలేదు. మా ఇంట్లో నేలమీద పడున్నాడు. నిన్ను చంపడానికి బయల్దేరితే కాలు విరగ్గొట్టాను. నా కొడుకు కాలు, బావగారూ, నా చేత్తో. ఇప్పుడు బండి తియ్యి."

రోమన్ చెయ్యి వదులైంది. మళ్లీ బిగిసింది. "నన్ను చంపబోయినవాడికి నా బండా?"

అతని భార్య ఫిలొమీనా లోపలినుంచి వచ్చి బండి తాళాలు అతని ఛాతీమీదికి విసిరింది. "తియ్యి. లేకపోతే నేనే తోల్తా. నాకు తోలడం రాదు, బండి గోతిలో పడుద్ది. పడనీ."

రోమన్ తమ్ముడి వంటింట్లో అడుగుపెట్టి పైకప్పులో కన్నం చూశాడు. పాలలో తడిసిన దండను, మూలన కూర్చున్న తమ్ముణ్ణి చూశాడు. వంగి సిరిల్ భుజాల కింద చేతులు పెడితే వాడు మొహంమీద ఉమ్మాడు. రోమన్ మోచేత్తో తుడుచుకున్నాడు.

"ఉమ్మితే ఉమ్మావు గానీ కాలు కదపకురా."

రోమన్ మంచులో బండిని పట్నం వైపు నడిపాడు. కొడుకు తల ఒట్టీలియా ఒడిలో ఉంది. నొప్పి పొడిచినప్పుడల్లా వాడు ఆమె మణికట్టును గోళ్లతో రక్కాడు. ఆమె చెయ్యి లాక్కోలేదు. ఆసుపత్రి గుమ్మంలో రోమన్ నెమ్మదిగా అడిగాడు.

"మా తమ్ముడు వాణ్ణి ఆపలేదా?"

ఆమె తన శాలువా తీసి కొడుకు మీద కప్పింది.

"నేనైనా ఆపేవాణ్ణి కాదులే," అని బండి తిప్పుకుని పోయాడు.

సోమవారం ఇంటికొచ్చి ఒట్టీలియా గులాబీ కొవ్వొత్తి వెలిగించింది. "ఆదివారం దాటిపోయిందిగా అమ్మా," అంది జీటా.

"దాటితే దాటనీ. నా వంతు నాదే."

నాలుగో ఆదివారం నాన్న వంతు. ఆంబ్రోజ్ ఎడమచేత్తో పుల్ల గీశాడు, ఆర్పేశాడు. "నువ్వే వెలిగించు ఒట్టీ. నాకు మొహం చెల్లట్లేదు," అన్నాడు.

"తప్పించుకోకు. గియ్యి ఇంకోటి."

అతను గీశాడు. ఎడమచెయ్యి తిన్నగా పోక పక్క కొమ్మ కాస్త మాడింది. కానీ వెలిగింది.

అడవిని జడ్జి చెరిసగం చేశాడు, ఇద్దరూ ఆయన్ని తిట్టుకున్నారు. రోమన్ ఎన్నడూ తప్పయిందనలేదు. సిరిల్ కాలికట్టు విప్పించే రోజున మాత్రం ఎవరూ అడగకుండానే వాకిట్లో హారన్ కొట్టాడు. ఆంబ్రోజ్ కిటికీలోంచి చూసి, కొడుకు కోటు తెచ్చి ఇచ్చాడు. సిరిల్ ఆ బండి ఎక్కాడు. వాడి కాలు కురచైపోయింది. ఇక జీవితాంతం కుంటాల్సిందే.

తల్లితో మాత్రం మాట లేదు. ఆమె వడ్డిస్తే తినేవాడు, అడిగితే తల ఊపేవాడు. ఈస్టరుకు ముందు, శుక్రవారాలు మాంసం ముట్టని తపస్సుకాలం వచ్చింది. ఒక శుక్రవారం ఆమె చేపముక్కలు పెట్టింది. సిరిల్ కొరికి ఆగాడు.

"అమ్మా, ఉప్పు ఇటివ్వు."

ఒట్టీలియా ఉప్పుగిన్నె అందించి, పొయ్యి వైపు తిరిగింది.