సువర్చల కూర్చుంది

నేను ఒక స్టూలును. రాజమండ్రిలో ఎవరి ఇంటి గుమ్మాలకో కోయగా మిగిలిన టేకు ముక్కలతో వీరభద్రాచారి అనే వడ్రంగి నన్ను చేశాడు. కాళ్ళన్నీ నేలకు సమంగా ఆనేదాకా నన్ను వదలలేదు. మొదట ఒక ఫొటో స్టూడియోకి వెళ్ళాను. అక్కడ రోజంతా ఒకటే మాట వినిపించేది: "కూర్చోండి, గడ్డం కొంచెం ఎత్తండి." మనుషులు నా మీద కూర్చోగానే ఎందుకో ఊపిరి బిగపట్టేవారు.

స్టూడియో మూతపడ్డాక పక్కనున్న చీరల కొట్టువాళ్ళు నన్ను కొన్నారు. పై అరల్లోని చీరలు అందుకోవడానికి నా మీదకు ఎక్కేవారు. ఎక్కవచ్చు గానీ కూర్చోకూడదు. అమ్మేవాళ్ళు కూర్చుంటే కొట్టు కళ తప్పుతుందని యజమాని కామరాజుగారి నమ్మకం. ఆయన మాత్రం గల్లాపెట్టె వెనక మెత్తటి కుర్చీలో కూర్చుని ఈ నియమాన్ని అమలు చేసేవారు.

పట్టుచీరల దగ్గర సువర్చల ఉండేది. ఆమె కొత్త చీర కొంగు విప్పి భుజాన వేసుకుని చూపించిందంటే, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళు కూడా చీర కొనుక్కునే వెళ్ళేవారు. పొద్దుటి నుంచీ నిలబడి నిలబడి సాయంత్రానికి ఆమె పాదాలు వాచిపోయేవి. చెప్పులు పట్టక, చేత్తో పట్టుకుని బస్సెక్కేది.

ఆ ఏడాది పనివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మానేస్తున్నారు. వాళ్ళలో ఉత్సాహం నింపమని ఫల్గుణరావు అనే మేనేజరును పెట్టారు. మంచివాడే. బెలూన్లు కట్టించాడు, పాటలు పెట్టించాడు, బాగా అమ్మినవాళ్ళ ఫొటో గోడకు తగిలించి ప్రెషర్ కుక్కరు ఇప్పించాడు. మొదటి కుక్కరు సువర్చలకే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వారమే ఆమె పని మానేస్తానంది.

ఫల్గుణరావు తెల్లబోయాడు. "జీతం చాలట్లేదా సువర్చలగారూ? ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"అదేం లేదండి. నాకీ పనంటే ఇష్టమేనండి. కాళ్ళే ఒప్పుకోట్లేదు. జనం లేనప్పుడు కాసేపు కూర్చోనిస్తే చాలండి, ఉండిపోతాను."

"అదొక్కటీ అడక్కండి. ఓనరుగారు ఒప్పుకోరు."

"ఆయన్ని అడిగారాండి?"

అడగలేదు. అడిగే ధైర్యం అతనికి లేదు.

మర్నాడు మధ్యాహ్నం, కొట్టు ఖాళీగా ఉన్న వేళ, సువర్చల నన్ను అరల దగ్గరనుంచి లాక్కొచ్చి అందరూ చూస్తుండగా కూర్చుంది.

"ఏంటమ్మా, మీ ఇల్లనుకున్నావా?" కామరాజుగారు కుర్చీలోంచే గద్దించారు.

"కాదండి, కొట్టేనండి. బేరం రాగానే లేస్తాను."

"ఇప్పుడే లే!"

"లేవనండి."

ఆయన మొహం ఎర్రబడింది. "ఫల్గుణరావ్! ఆ స్టూలు గొడౌన్లో పడేయించు. ఈవిడ లెక్క తేల్చి పంపెయ్!"

ఫల్గుణరావు నా దాకా వచ్చాడు. ఇక నన్ను ఎత్తేస్తాడనుకున్నాను. సువర్చల పాదాల వైపు చూసి ఆగిపోయాడు.

"పంపలేనండి," అన్నాడు. "ఏమిస్తే ఉంటారా అనే చూశాను గానీ, ఎందుకు పోతున్నారో ఇన్నాళ్ళూ కనుక్కోలేదు. ఈవిణ్ణి పంపితే నా లెక్క కూడా తేల్చెయ్యండి."

తువ్వాళ్ళు అమ్మే నాగరత్నం, బట్టలు పరిచి చూపించే పరుపు మీద మెల్లగా కూర్చుంది. ఆమె వెనక ఇంకొకరు, ఆ తర్వాత అందరూ. అంతలో గాజు తలుపు తెరుచుకుని పెళ్ళివారు లోపలికి వచ్చారు. కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారే లేచారు. "రండమ్మా, రండి!" అని అందరికంటే ముందు పిలిచింది సువర్చలే.

కామరాజుగారు సరేనని ఏనాడూ అనలేదు. మధ్యాహ్నం పూట మాత్రం పేపరు మొహానికి అడ్డం పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. దీపావళికి అన్ని విభాగాలకూ ప్లాస్టిక్ స్టూళ్ళు వచ్చాయి. అమ్మకాలేమీ అమాంతం పెరిగిపోలేదు. సువర్చల ఉండిపోయింది, మానేసేవాళ్ళు తగ్గారు. కుక్కర్లు ఇస్తూనే ఉన్నారు, ఎవరూ వద్దనలేదు.

ఇప్పుడు నా కాలొకటి చీలింది. గొడౌన్లో, చీరలు కట్టి నిలబెట్టే పాత బొమ్మల మధ్య ఉన్నాను. ఎన్నేళ్ళు నిలబడ్డా వీటి కాళ్ళు వాయవు. కూర్చుంటామని అడగవు, మానేస్తామని బెదిరించవు, మొహాన నవ్వు చెదరదు. యజమానులు కలలుగనే పనివాళ్ళు ఇలాగే ఉంటారు కాబోలు. కానీ వీటిలో ఒక్కటైనా ఒక్క చీర అమ్మిన పాపాన పోలేదు.