బస్తాకు లాగుడు పట్టీ

బావమరిది పనిరోజు ఇంటికొచ్చాడంటే ఏదో మతలబు ఉందని డ్రైవరుకు అప్పుడే అనిపించింది. కార్ల సీట్లకు కవర్లు కుట్టే మనిషి, షాపు వదిలి అంగుళం కదలడు. అలాంటివాడు మంగళవారం పొద్దున్నే మెడలో టేపు వేసుకుని వచ్చి, "బాగున్నావా బావా?" అని గుమ్మంలోంచే పలకరించి, నేరుగా పెరట్లోకి వెళ్ళిపోయాడు.

డ్రైవరు కుర్చీలోంచే మెడ సాచి చూశాడు. లారీ వెనక తలుపు ఊడి తుంటి మీద పడి ఏడాదైంది. అప్పట్నుంచీ కిటికీలోంచి కనిపించినంత మేరే ఆయన లోకం. ఆ మేరలో భార్య బస్తాను రెండు చేతులా పట్టుకుని ఉంది. బస్తా అంటే వాళ్ళ కుక్క. పిల్లగా ఉన్నప్పుడే ఎత్తలేనంత బరువుండేదని ఆయనే పెట్టిన పేరు. బావమరిది దాని ఛాతీ చుట్టూ టేపు తిప్పి కొలుస్తున్నాడు.

"ఎనభై కిలోలు లాగుతుందంటావా?" భార్య గొంతు తగ్గించి అడిగింది.

"దీనికదో లెక్కా అక్కా! పట్టీ కుదిరితే చాలు."

"ఏంటే అక్కడ గుసగుసలు?" అని డ్రైవరు కేకేశాడు.

"ఏం లేదండీ. దీనికి పేలు పట్టాయేమోనని చూస్తున్నాం."

టేపు పెట్టి పేలు చూసేవాళ్ళను ఆయన ఎక్కడా చూడలేదు. వీధి చివర టైల్స్ గోడౌనాయన గుర్తొచ్చాడు. "ఈ కుక్కను నాకిచ్చేయరాదూ, సామాను బండికి కట్టుకుంటా" అని గోడ మీంచి రెండుసార్లు అడిగాడు. అప్పుడు డ్రైవరు నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు నవ్వు రాలేదు. తను కుర్చీకి అతుక్కుపోయాక బస్తాను తిప్పే దిక్కు లేదు. మొన్నొకసారి భార్యను వీధి మధ్యలో బోర్లా పడేసింది కూడా. ఆమెకు విసుగొచ్చి ఉంటుంది. అడిగితే తను ఒప్పుకోడని, తమ్ముణ్ణి కలుపుకుని చాటుగా గోతులు తవ్వుతోందన్నమాట.

ఆ పూట అన్నం సయించలేదు. భార్య వేసిన రెండో గరిటె కూడా లంచంలాగే కనిపించింది.

గురువారం మధ్యాహ్నం ఆమె ఇస్త్రీ షాపులో పనికి వెళ్ళగానే, కర్ర పట్టుకుని లేచి ఇల్లంతా గాలించాడు. బీరువా వెనక సంచీలో దొరికింది. పాత సీటుబెల్టులు జోడించి కుట్టిన పట్టీ. బకిళ్ళు, రెండు ఇనుప రింగులు, వెనక్కి వేలాడే రెండు పొడవాటి తాళ్ళు. కత్తెర తీసుకున్నాడు.

కత్తిరించే ముందు ఒకసారి బస్తాకు తొడిగి చూశాడు. ఎందుకు చూశాడో ఆయనకే తెలీదు. తాళ్ళు పట్టుకుని వెనక్కి లాగాడు. బస్తా ముందుకు తన్నుకుంది. పట్టీ జారి గొంతుకు పట్టేసింది. అది ఖళ్ళున దగ్గింది.

"ఒరేయ్, సీట్లు కుట్టేవాడా!" అని డ్రైవరు తిట్టాడు. ముప్ఫై ఏళ్ళు లారీ మీద బరువులు మోయించిన తనకు లాగుడు ఎక్కడ పడాలో తెలీదా? ఛాతీ ఎముక మీద పడాలి, గొంతు మీద కాదు. పోయేది ఎలాగూ పోతుంది, పరాయి ఇంట్లో ఊపిరాడక ఎందుకు చావాలి?

కత్తెరతో కుట్లు విప్పాడు. ఛాతీ పట్టీని నాలుగు వేళ్ళు కిందికి దింపాడు. తన కుర్చీ మెత్తలోంచి స్పాంజి కోసి లోపల వేశాడు. ముందుకాళ్ళ వెనక రెండు వేళ్ళు దూరేంత వదులు పెట్టాడు. తాళ్ళు తొడలకు రాసుకోకుండా చీపురుకర్ర ముక్కను అడ్డంగా కట్టాడు. మైనం పూసిన దారం, దబ్బనం, రెండు మధ్యాహ్నాలు. కుడుతున్నంతసేపూ బస్తా ఆయన కాళ్ళ మీదే తల పెట్టుకుని గురక పెట్టింది. ఆయన కళ్ళు తుడుచుకుని మళ్ళీ కుట్టాడు. పట్టీని ఎక్కడిదక్కడ దాచేశాడు.

ఆదివారం బావమరిది స్కూటరు చక్రాలు బిగించిన చిన్న బండిని దొర్లించుకుంటూ వచ్చాడు. పట్టీ తీసి అటూ ఇటూ తిప్పి తెల్లమొహం వేశాడు.

"అక్కా, ఇది నేను కుట్టింది కాదే!"

"నువ్వు కుట్టిందైతే అది రెండు రోజుల్లో చచ్చేది," అన్నాడు డ్రైవరు. "ఏడీ ఆ గోడౌనాయన? తీసుకుపొమ్మను."

"గోడౌనాయనకేం పని?" భార్య బిత్తరపోయింది. "బండి మీకండీ."

"నాకా?"

"చక్రాల కుర్చీ తెస్తే తిప్పి పంపారుగా, నన్నెవరూ తొయ్యక్కర్లేదని. తొయ్యొద్దన్నారు కానీ లాగొద్దనలేదుగా!"

సిగ్గుపడాలో కోప్పడాలో తేలక డ్రైవరు బండి చుట్టూ కుంటుకుంటూ తిరిగాడు. చక్రం ఊపి చూశాడు. వంగి కిందికి చూశాడు.

"బ్రేకేదిరా?"

బావమరిది బుర్ర గోక్కున్నాడు.

"బ్రేకు లేని బండి ఎక్కి నేను చావాలా? పట్టుకుపో."

మరుసటి ఆదివారం బ్రేకుతో బండి వచ్చింది. డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు, భార్య వెనక నడిచింది. బస్తా మొదట అర్థంకాక గిరగిరా తిరిగింది, తర్వాత గోడ వైపు లాక్కెళ్ళింది, ఆ తర్వాత దారికొచ్చింది. వీధి దాటి, ఎత్తెక్కి, లారీలు పోయే పెద్దరోడ్డు దాకా వెళ్ళారు. ఎత్తు మీద బండి ఒక్క కుక్క లాగేదానికన్నా తేలిగ్గా కదిలినట్టనిపించింది ఆయనకు.

"ఏమే, తోస్తున్నావా?"

"అయ్యో, లేదండీ."

ఆ మాట ఆయన నమ్మలేదు. వెనక్కి తిరిగి మాత్రం చూడలేదు.