కాకరకాయ వేపుడు

భ్రమరాంబ ప్రతి శనివారం బీర్‌గావ్ నుంచి ఆటో ఎక్కి, రాయపూర్‌లో బధిరుల హాస్టల్లో ఉన్న కూతురు నీలిమకు కాకరకాయ వేపుడు తెచ్చేది. పిల్ల ముక్క మిగల్చకుండా తినేది. ఆరేళ్లుగా ఇదే వరస.

ఈ శనివారం ఖాళీ డబ్బాలో మడత కాగితం కనిపించింది. తను చదవలేని ఇంగ్లీషు! గాభరాగా హాస్టల్లో చదువు చెప్పే మాలతి టీచర్ దగ్గరికి పరుగెత్తింది.

"ఏటి రాసిందమ్మా? ఒంట్లో బాగోలేదా?"

టీచర్ తెలుగులో చదివి చెప్పింది. "అమ్మా, కాకరకాయ నాకు ఇష్టం లేదు. నువ్వు ఏడుస్తావని తిన్నాను. ఏడవకు."

భ్రమరాంబకు గుర్తొచ్చింది. నాలుగేళ్లప్పుడు పిల్ల ఒకసారి కాకరకాయ పెట్టిన కంచం తోసేస్తే తను ఏడ్చిన మాట నిజమే. ఇంట్లో వాళ్లకు తెలిసిన సైగల్లో వద్దనడం ఉంది గానీ, నొచ్చుకోకు అనడం లేదు.

"ఈ ముక్క నేర్పడానికి ఆరేళ్లు పట్టిందేటమ్మా!" అని టీచర్‌ను కసురుకుంది. ఆ వెంటనే ఆమె చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

గేటు దాటిన మనిషి కాసేపటికి కొత్త నోటుబుక్కుతో తిరిగొచ్చింది.

"ఈ కాపీ దానికివ్వండి టీచరమ్మా. ఇంకా ఏటేటి నచ్చవో అన్నీ రాసీమనండి. నన్ను తిట్టినా పర్లేదు, ఆపొద్దనండి."